చర్చ: ఆ గొంతు మా తీర్థంలో మళ్ళీ మోగాలా?

కౌశిక ఒడ్డు (అమలాపురం దగ్గర) | శుక్రవారం, రాత్రి 9:10

సభ్యులందరికీ నమస్కారం. నాకు ఎదురైన ఒక చిక్కును మీ ముందు పెడుతున్నాను. కనుమ నాడు మా ఊళ్ళో జరిగే తీర్థం జగ్గన్నతోట తీర్థమంత పెద్దదేమీ కాదు. మూడు ప్రభలు వస్తాయి, పొద్దుగూకేసరికి జీళ్ళ దుకాణాలు సర్దుకుంటాయి, రాత్రికి పౌరాణిక నాటకం ఉంటుంది. ఈసారి నాటకానికి ముందు, మా వైపు పాతికేళ్ళపాటు కృష్ణ వేషానికి పేరు పడిన ఒక దివంగత నటుడి పద్యాలను మైకులో వినిపించాలని, వేదిక మీద ఆయన పటం పెట్టి దండ వేయాలని, ఆయన కుమారుడికి శాలువా కప్పాలని కమిటీ తీర్మానించింది. ఆయన పేరు నేను ఇక్కడ రాయను. పోల్చుకున్నవారు కూడా దయచేసి రాయవద్దు.

కమిటీ నాకు అప్పగించిన పని చిన్నది. 1996 కనుమ రాత్రి ఎవరో స్టేజీ ముందు టేపురికార్డరు పెట్టి పట్టిన తొంభై నిమిషాల క్యాసెట్టు ఒకటి ఉంది. దాన్ని కంప్యూటరులోకి ఎక్కించి, గరగర తగ్గించి, ఆయన పద్యాలను మాత్రం విడదీసి ఇవ్వాలి. ఆ పని చేస్తూ రాయబారానికి బయలుదేరే ముందు ద్రౌపది కృష్ణుడితో మొరపెట్టుకునే ఘట్టం దగ్గర ఆగిపోయాను. కృష్ణుడి పద్యం అయిపోతుంది, ఈలలూ వన్స్‌మోర్ కేకలూ లేస్తాయి, హార్మనీ ఇంకా ఆగలేదు. అప్పుడు ఆయన మైకు దగ్గర నుంచి మొహం పక్కకు తిప్పి అన్న మాట నాలుగు సెకన్లపాటు వినిపిస్తుంది. హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే తప్ప తెలియదు. మొదటి సగం స్పష్టంగా లేదు, రెండో సగం మాత్రం ఆడవారి మీద వాడే బూతు. ఆ వెంటనే, అదే ఊపిరి మీద, ‘సోదరీ’ అంటూ వినేవాడి కళ్ళు చెమర్చేంత మెత్తగా తర్వాతి మాట అందుకుంటాడు.

ఆ రాత్రి ద్రౌపది వేషం వేసిన ఆవిడ పక్క మండలంలోనే ఉంటున్నారు. తోటి నటీమణులతో ఆయన ఎలా ప్రవర్తించేవాడో, నైటుకు ఇస్తానన్న డబ్బు ఎలా ఎగ్గొట్టేవాడో మా నాన్నగారి తరం వారికి బాగానే తెలుసు. అరుగుల మీద కూర్చుని నవ్వుకుంటూ చెప్పుకునేవారు. ఆ నవ్వే ఇప్పుడు నాకు మింగుడుపడడం లేదు.

ఆ నాలుగు సెకన్లు కోసేయమంటారా? కోసేస్తే మిగిలేది కళేనా? కళనూ కళాకారుణ్ణీ వేరు చేయవచ్చునా అని పుస్తకాల్లో చదివిన ప్రశ్న నా కంప్యూటరు తెర మీద, రెండు గీతల మధ్య, కత్తిరించడానికి సిద్ధంగా ఉంది.

లంక మేస్టారు (రాజోలు) | శుక్రవారం, రాత్రి 10:35

బాబూ, కోసేయండి. వేరు చేయవచ్చును, చేయాలి కూడా. నా కారణాలు చెబుతాను, తొందరపడకుండా చదవండి.

‘నానృషిః కురుతే కావ్యం’ అన్న మాటను మనవాళ్ళు ప్రతి సభలోనూ అప్పజెబుతారు. ఋషి కానివాడు కావ్యం రాయలేడనడానికి మనుషుల నడవడి ఏనాడూ సాక్ష్యమివ్వలేదు. దాదాపు పదకొండు వందల ఏళ్ళ కిందటి రాజశేఖరుడు కావ్యమీమాంసలో ‘స యత్స్వభావః కవిస్తదనురూపం కావ్యమ్’ అంటాడు, అంటే కవి స్వభావం ఎట్టిదో కావ్యం అట్టిదేనని. చిత్రకారుడు ఎలాంటివాడో చిత్రమూ అలాంటిదేనని కూడా కలుపుతాడు. అయితే ఆ వాక్యం చివర ‘ఇతి ప్రాయోవాదః’ అని ఒక ముడి వేశాడు. లోకం తరచుగా అనే మాట సుమా అని దాని అర్థం. ఉదాహరించేవారు ఆ ముడిని వదిలేసి మొదటి ముక్కే పట్టుకుంటారు. ఆ ఘట్టంలోనే కవికి వాక్కు, మనస్సు, కాయం మూడింటికీ శుచి ఉండాలన్నాడు. కాయశుచి అంటే ఏమిటని చూస్తే కాలిగోళ్ళు కత్తిరించుకోవడం, నోట తాంబూలం, తలలో పువ్వులు. మా హైస్కూలులో నేను ఈ భాగం చెప్పినప్పుడల్లా వెనక బెంచీ నవ్వేది.

ఇక మన గడ్డ సంగతికి వస్తాను. ఆ రాత్రి పాడిన పద్యాల్లో చాలావరకు తిరుపతి వేంకట కవులవే అయివుంటాయి. ఒకరిది కడియం, మరొకరిది భీమవరం దగ్గర యండగండి. ఇద్దరిలో ఎవరు రాసినా ఇద్దరి పేరుతోనే వెలువడాలన్నది వారి ఒప్పందం. 1920లో తిరుపతి శాస్త్రిగారు గతించిన తర్వాత కూడా చెళ్ళపిళ్ళ వేంకట శాస్త్రిగారు జంట పేరుతోనే పుస్తకాలు ప్రకటించారు. ఏ పద్యం ఎవరిదో తేల్చలేక పండితులు తలలు పట్టుకున్నారు, మామూలు శ్రోత మాత్రం ఆ గొడవే లేకుండా నూరేళ్ళుగా పాడుకుంటున్నాడు. కర్త ఎవరో తెలియకుండానే పద్యం మన నోట బతుకుతున్నప్పుడు, దాన్ని పాడినవాడి నడవడి తెలిసినంత మాత్రాన అది చచ్చిపోవాలా?

గట్టు మీద వకీలు (కాకినాడ) | శనివారం, ఉదయం 7:50

మేస్టారికి నమస్కారం. ధర్మమీమాంస మీకు వదిలి చట్టం ఏమంటుందో మాత్రం చెబుతాను. అది మన చర్చకు అడ్డు తగిలే మాట కాదు, ఒక మలుపు తిప్పే మాట.

మన కాపీరైటు చట్టం 1957 నాటిది. రచయిత మరణించిన తర్వాత 60 సంవత్సరాలు హక్కు ఉంటుంది, ఇద్దరు కలిసి రాస్తే చివరగా మరణించినవారి నుంచి లెక్క. వేంకట శాస్త్రిగారు 1950లో పోయారు కాబట్టి జంటకవుల పద్యాల మీద హక్కు 2010తో తీరిపోయింది. ప్రదర్శించినవారి హక్కు వేరు. అది 1994 సవరణతో వచ్చింది, ప్రదర్శన జరిగిన మరుసటి సంవత్సరం మొదలు 50 ఏళ్ళు ఉంటుంది. 1996 నాటి నాటకానికి 2046 చివరి వరకు ఆ హక్కు సజీవం. దేవుడి ఉత్సవాలకు చట్టంలో కొంత వెసులుబాటు ఉన్న మాట నిజమే కానీ, తీర్థంలో రాత్రి నాటకం వేదిక ఆ వెసులుబాటు కిందకు వస్తుందా అన్నది వాదించుకోవలసిన విషయం.

అసలు గమనించవలసింది ఏమిటంటే, ఆ హక్కు కృష్ణుడి ఒక్కడిదే కాదు. హార్మనిస్టుదీ, ద్రౌపదిదీ కూడా. 2012 సవరణ ప్రదర్శకులకు ఇంకొకటి ఇచ్చింది, ఇది పాడింది ఫలానా వారు అని పేరు చెప్పించుకునే హక్కు. కాబట్టి కోయాలా వద్దా అని మమ్మల్ని అడగడం కంటే ముందు, కౌశిక ఒడ్డు గారూ, ఆవిడను అడిగారా?

ఇంకొక చిన్న మాట. ఢిల్లీ విజ్ఞాన్ భవన్ గోడ మీద అమర్‌నాథ్ సెహగల్ చేసిన పెద్ద కుడ్యశిల్పాన్ని 1979లో పీకి గోదాములో పడేశారు. 2005లో హైకోర్టు శిల్పానికి డబ్బు చెల్లించి కొనుక్కున్నా శిల్పికి దానితో ఉన్న బంధం తెగదని చెప్పి, శిల్పాన్ని ఆయనకు తిరిగి ఇప్పించి, 5 లక్షల రూపాయల నష్టపరిహారం కూడా విధించింది. చట్టం దృష్టిలో కళ, కళాకారుడు అమ్మకం తర్వాత కూడా విడిపోరు.

పాత క్యాసెట్టు (తణుకు) | శనివారం, ఉదయం 11:20

వకీలు గారు చెప్పినది విలువైనదే కానీ, హక్కు ఉండడం వేరు, వినడం తగునా అన్నది వేరు. ఈ ప్రశ్న ప్రపంచంలో చాలామందిని పీడించింది.

ఇటలీ చిత్రకారుడు కారవాజియో 1606లో రోములో ఒక మనిషిని చంపి పారిపోయాడు. నాలుగేళ్ళు ఊరూరా తిరిగి, చివరికి మరణించాడు. ఆ పరారీలో వేసిన చిత్రాల ముందు నేడు నిలబడేవారిలో ఎవరూ హతుడి తరఫున బాధపడడం నేను వినలేదు. జెసువాల్దో అనే సంగీతకర్త 1590లో భార్యనూ ఆమె ప్రియుణ్ణీ తన మనుషులతో కలిసి హత్య చేశాడు, ఆయన పాటలు ఇప్పటికీ పాడుతున్నారు. నాలుగు వందల ఏళ్ళు అన్నిటినీ కడిగేస్తాయి కాబోలు. ఎరిక్ గిల్ అనే ఆంగ్ల శిల్పి విషయం అలా కాదు. ఆయన పోయిన దాదాపు అర్ధశతాబ్దం తర్వాత, 1989లో వెలువడిన జీవితచరిత్ర ఆయన తన కూతుళ్ళ పట్ల చేసిన ఘోరాన్ని ఆయన డైరీల నుంచే బయటపెట్టింది. 2022లో ఒకతను నిచ్చెన వేసుకుని ఎక్కి, లండనులో బీబీసీ భవనం ముఖద్వారం మీద ఉన్న ఆయన శిల్పాన్ని సుత్తితో కొట్టాడు. అదే గిల్ రూపొందించిన అక్షరాలు మాత్రం ఇంగ్లీషు పుస్తకాల అట్టల మీద హాయిగా తిరుగుతున్నాయి. అక్షరాన్ని ఎవరూ సుత్తితో కొట్టలేదు. శిల్పంలో పసివాడి దేహం ఉంది, అక్షరంలో లేదు. కళలో మనిషి ఎంత కనిపిస్తే విడదీయడం అంత కష్టమని నాకు అనిపిస్తుంది.

జర్మన్ సంగీతకర్త వాగ్నర్ సంగతి కూడా చెప్పాలి. యూదుల మీద విషం కక్కుతూ 1850లో మారుపేరుతో వ్యాసం రాసి, 1869లో సొంత పేరుతో మళ్ళీ అచ్చు వేయించుకున్నాడు. ఆయన సంగీతాన్ని ఇజ్రాయెల్‌లో వాయించకపోవడం అలిఖిత నియమం. 2001 జులైలో జెరూసలేంలో వాద్యబృందాన్ని నడిపించే డేనియల్ బారెన్‌బోయిమ్ అసలు కచేరీ ముగించాక, వాగ్నర్ ఒకటి వాయించనా అని సభనే అడిగాడు. అరగంట వాదులాట జరిగింది. కొందరు తలుపులు దభాలున వేసి వెళ్ళిపోయారు. ఉన్నవారికి వాయించాడు. వెళ్ళిపోయే దారి ఉంది కాబట్టి అది కుదిరింది. తీర్థంలో నాలుగు దిక్కులా కట్టిన మైకులకు తలుపులేవీ?

లేసు దారం (నరసాపురం) | శనివారం, మధ్యాహ్నం 3:05

ఇప్పటివరకు మాట్లాడిన పెద్దలందరి మీదా గౌరవంతోనే రాస్తున్నాను. కళను కళాకారుడి నుంచి విడదీయగలమా అని మీరంతా దీర్ఘంగా ఆలోచిస్తున్నారు. మన డెల్టాలో ఆ పని ఎప్పుడో అయిపోయింది, ఎవరికీ చెయ్యి కూడా వణకలేదు.

మురమండ, మండపేట, బల్లిపాడు వంటి ఊళ్ళ కలావంతులను తలుచుకోండి. గుడిలో ఆడినా, పెళ్ళి పందిట్లో మేజువాణి చేసినా, పదాలూ జావళీలూ అనే శృంగార గీతాలు కొన్ని తరాలపాటు ఆ ఆడవారి గొంతుల్లోనే ఉన్నాయి. వీరేశలింగం గారి కాలం నుంచి భోగంమేళాల మీద ఉద్యమం సాగింది, 1947లో దేవదాసీ వ్యవస్థను నిషేధిస్తూ మద్రాసు చట్టం వచ్చింది. దేవదాసీ దురాచారం పోవలసిందే, దాన్ని వెనకేసుకురావడం నా ఉద్దేశం కాదు. కానీ జరిగింది చూడండి. ఆ జావళీలు సభా మందిరాల్లోకి వెళ్ళాయి, ఆ అభినయం పెద్దింటి పిల్లలకు నేర్పదగిన శాస్త్రం అయింది, దాన్ని దాచి ఉంచిన మనిషి మాత్రం ఊరి చివర కులం పేరు మార్చుకుని బతకవలసివచ్చింది. తర్వాత నాట్యాచార్యులు నటరాజ రామకృష్ణ గారి వంటి వారు ఆ వృద్ధ కళాకారిణులను వెతుక్కుంటూ వెళ్ళి నేర్చుకుని, ఆంధ్రనాట్యం అని పేరు పెట్టి నిలబెట్టారు. అంత శ్రమ ఎందుకు పడవలసివచ్చింది? కళను ఉంచుకుని మనిషిని పారేశాం కాబట్టి.

నా ఇంటి సంగతి చెబుతాను. మా అమ్మ నలభై ఏళ్ళు లేసు అల్లింది. పందొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు ఇక్కడివారికి నేర్పిన పని అది. మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక గుమ్మంలో వెలుతురు పడే చోట కాళ్ళు చాపి కూర్చునేది. లేసు సూది చూపుడువేలి మీద ఒకే చోట రాసుకుని రాసుకుని, అక్కడ కంది గింజంత కాయ కాసింది. అమ్మది చేతిపని, అంటే పువ్వులు అల్లడం. వాటిని బల్లగుడ్డగా కూర్చే అతుకుపని వేరే ఇంట్లో, వేరే చేతి మీద. ఎన్ని ఉండల దారం అల్లితే అంత కూలి. అమ్మ సొంతంగా కనిపెట్టిన ఒక ఆకు వరస ఏజెంటుకు నచ్చి నమూనా పుస్తకంలో ఎక్కింది. ఆ పుస్తకంలో దానికి ఒక నంబరు ఉంది. అమ్మ పేరు లేదు. 1982లో మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు మా లేసు ఆడవారి మీద పుస్తకం రాసింది. లోకానికి సరుకు పంపే ఈ ఆడవారిని ఇంట్లో ఖాళీగా ఉన్న గృహిణులుగా లెక్కగట్టి కూలి కోసేస్తున్నారని అందులో ఆమె చూపించింది. అమ్మ ఆ పుస్తకం చూడలేదు.

అందుచేత నేను అడిగేది ఒక్కటే. చిన్నవారి దగ్గర నుంచి కళను విడదీసేటప్పుడు మనకు రాని సందేహం పెద్దమనిషి దగ్గరకు వచ్చేసరికి ఎందుకు ఇంత తత్త్వశాస్త్రంగా మారుతుంది? ‘విడదీయగలమా’ అని మీరు అడుగుతున్నారు, ‘ఆయనను వదులుకోకుండా వినగలమా’ అని నాకు వినిపిస్తోంది.

ఎర్రకాలువ (తాడేపల్లిగూడెం) | శనివారం, సాయంత్రం 5:40

ఇంత దూరం ఎందుకండీ? పద్యం మోగించండి, పటమూ శాలువా మానేయండి. విన్నది చెవికి, దండ మనిషికి. రెండూ వేరుగానే ఉన్నాయి.

గట్టు మీద వకీలు | శనివారం, సాయంత్రం 6:15

ఎర్రకాలువ గారి తీర్పు కమిటీకి బాగా నచ్చుతుంది, నాకు అదే అనుమానంగా ఉంది. పటం తీసేస్తే అందరి మనస్సూ తేలికపడుతుంది, ఆవిడకు ఒరిగేది ఏమీ ఉండదు.

లంక మేస్టారు | శనివారం, రాత్రి 8:30

లేసు దారం అమ్మా, మీ మాట చదివి రెండుసార్లు లేచి వరండాలో తిరిగాను. చివరి వాక్యం నాకే తగిలింది, తప్పించుకోను.

ఒక తేడా మాత్రం చెప్పనివ్వండి. కలావంతుల విషయంలో అన్యాయం జరిగింది కళాకారిణికి. ఇక్కడ అన్యాయం చేసినవాడు కళాకారుడు. రెంటినీ ఒకే త్రాసులో వేస్తే, మొదటిచోట ‘విడదీయకండి’ అని, రెండోచోట ‘విడదీయండి’ అని చెప్పవలసివస్తుంది. బహుశా అలాగే చెప్పాలేమో. సూత్రం ఒక్కటిగా ఉండాలన్న పట్టుదల మా పంతుళ్ళ జబ్బు.

నేను మొదటి టపాలో రాయని సంగతి ఒకటుంది. ఆయన కృష్ణ వేషాన్ని నేను తొమ్మిదో ఏట మా మామయ్య భుజాల మీద కూర్చుని చూశాను. తెల్లవారుజామున చలికి పళ్ళు కొట్టుకుంటున్నా కదలలేదు. యతి అంటే ఏమిటో బడిలో చెప్పకముందే నాకు ఆ గొంతు చెప్పింది. ముప్ఫై రెండేళ్ళు నేను పిల్లలకు పద్యం చదివి వినిపించిన తీరులో ఆయన విరుపే ఉంది. ఇప్పుడు ఆయన ఎలాంటివాడో తెలిసింది కదా అని నా చెవిలో నుంచి దాన్ని ఎలా పీకి పారేయను? విడదీయవచ్చునని నేను వాదించింది శాస్త్రం కోసం కాకపోవచ్చును, నన్ను నేను కాపాడుకోవడానికేమో.

పాత క్యాసెట్టు | శనివారం, రాత్రి 9:45

మేస్టారూ, మీరొక్కరే కాదు. కెనడా కథకురాలు ఆలిస్ మన్రోకు 2013లో నోబెల్ వచ్చింది. 2024 మే నెలలో ఆవిడ పోయారు. రెండు నెలలకే ఆవిడ కూతురు పత్రికలో ఒక వ్యాసం రాసింది. చిన్నతనంలో సవతి తండ్రి తన మీద లైంగిక దాడి చేశాడని, ఆ సంగతి తెలిసిన తర్వాత కూడా తల్లి అతనితోనే ఉండిపోయిందని. ఆవిడ కథలు నాకు ప్రాణం. మళ్ళీ తెరిచి చూస్తే, తెలిసీ మాట్లాడని ఆడవారు ఆ కథల నిండా ఉన్నారు. మునుపు దాన్ని లోతు అనుకున్నాను. ఇప్పుడు ఏమనుకోవాలో తేల్చుకోలేక పుస్తకాన్ని అలమరలో వెన్ను లోపలికి తిప్పి పెట్టాను. పారేయలేదు, చదవడమూ లేదు.

హార్మనీ పెట్టె (పాలకొల్లు) | ఆదివారం, ఉదయం 6:20

నేను ఆ నటుడి పక్కన నాలుగు సీజన్లు హార్మనీ వాయించాను. 1996 కనుమ రాత్రి వాయించింది నేను కాదు, అప్పటికి మానేశాను. చదువుకున్నవారి చర్చలో దూరడానికి సంకోచంగానే ఉంది కానీ, ఒక సంగతి నాకు తప్ప ఇక్కడ ఎవరికీ తెలిసే అవకాశం లేదు.

మీరందరూ ఆయన నడవడి ఒక చోట, ఆయన పద్యం మరొక చోట ఉన్నట్టు మాట్లాడుతున్నారు. స్టేజీ మీద అలా ఉండదు. పద్యం అందుకునే ముందు హార్మనిస్టు రాగం చూపిస్తాడు. నటుడు అందుకున్నాక మన వేళ్ళు అతని గొంతు వెనక నడవాలి, ఎడమ చేయి తిత్తి ఆపకూడదు. చివరి పాదం దగ్గర రాగం తీయడం మొదలుపెడితే అతను ఎంతసేపు తీస్తే అంతసేపు మనం. ఆయన రాగాన్ని సాగదీయడం గొప్ప విద్య అని జనం పడిచచ్చేవారు. ఆ విద్య ఎప్పుడు పనిచేసేదో నేను చూశాను. ఎదుటి నటికి మంచి పద్యం ఉన్న సీనులోనే ఆయన రాగం రెట్టింపు అయ్యేది. వన్స్‌మోర్ అనకముందే కళ్ళతో వన్స్‌మోర్ అడిగించేవాడు, ఒకటికి మూడుసార్లు పాడేవాడు. ఈలోగా కాంట్రాక్టరు తెర పక్క నుంచి గడియారం చూపించేవాడు. ఆవిడ నాలుగు పాదాల పద్యాన్ని రాగం లేకుండా చదివి తప్పుకోవలసివచ్చేది. జనానికి ఆయన గొప్పగా, ఆవిడ చప్పగా కనిపించేవారు.

ఆ రాగం మాత్రం నిజంగా గొప్పది. అబద్ధం ఆడను. పై షడ్జమం మీద నిలబడి ఆయన గొంతు సన్నగా పలచబడుతున్నప్పుడు పెట్టె మీద నా వేళ్ళు కదలడం మరచిపోయిన రోజులున్నాయి. అయితే ఆ గొప్పతనం ఎవరి సమయం తిని బలిసిందో కూడా నాకు తెలుసు. దురుసుతనం ఆయన కళకు పక్కన లేదు, దానిలో స్వరంలా కలిసి ఉంది. నాలుగు సెకన్ల బూతు కోస్తే అది పోతుందనుకోకండి.

ఎర్రకాలువ | ఆదివారం, ఉదయం 8:00

అయ్యా, నిన్న నేను ఒక్క ముక్కలో తేల్చేశాను. వెనక్కి తీసుకుంటున్నాను.

లేసు దారం | ఆదివారం, ఉదయం 9:15

హార్మనీ గారూ, నలభై ఏళ్ళుగా ఈ మాట ఎవరికైనా చెప్పారా?

హార్మనీ పెట్టె | ఆదివారం, ఉదయం 9:40

లేదమ్మా. నా నైటు డబ్బు నాకు అందేది.

కౌశిక ఒడ్డు | సోమవారం, రాత్రి 10:50

వకీలు గారి ప్రశ్నకు సిగ్గుపడి ఈరోజు మధ్యాహ్నం ఆవిడ ఇంటికి వెళ్ళాను. జరిగింది జరిగినట్టు రాస్తాను.

డెబ్బై దాటాయి. పెరట్లో కొబ్బరి మట్టల ఈనెలు చీరుతూ చీపుర్లు కడుతున్నారు. వచ్చిన పని చెప్పగానే కత్తి పక్కన పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుని, ఫోను ఇలా ఇవ్వమన్నారు. హెడ్‌ఫోన్లు పెట్టాను. కృష్ణుడి పద్యం వస్తున్నంతసేపూ ఆవిడ పెదవులు కదిలాయి. ఆయన ఊపిరి తీసుకునే చోట ఆవిడా ఊపిరి తీసుకున్నారు. అయ్యాక, ‘బాగా పాడాడు, ఆ రోజు గొంతు బాగుంది’ అన్నారు.

నాలుగు సెకన్ల సంగతి నేను నీళ్ళు నములుతూ అడిగాను. ఆవిడ మళ్ళీ వేయించుకుని విని నవ్వారు. ‘అది నన్ను కాదు బాబూ. ఆ రాత్రి హార్మనిస్టు కొత్తవాడు, అర శ్రుతి ఎక్కువ పెట్టాడు. ఆ కుర్రాడి తల్లిని తిట్టాడు. నన్ను అనవలసినవి ఆయన మైకు దగ్గర ఎప్పుడూ అనలేదు.’

మూడు రోజులుగా ఆ నాలుగు సెకన్లను ముందు పెట్టుకుని మనమంతా చేసిన చర్చ నా నోట్లో ఎండిపోయింది.

తర్వాత ఆవిడ అడిగారు, ‘నా పద్యం ఏదీ?’ అని. నేను కమిటీ చెప్పినట్టు కృష్ణుడివే విడదీశాను. అసలు ఫైలు ఫోనులో ఉంది కాబట్టి వెతికి పెట్టాను. ద్రౌపది పద్యం మొదలవుతుంది, రెండు పాదాలు నడుస్తుంది, టక్కున ఆగిపోతుంది. వెంటనే తర్వాతి సీనులో కృష్ణుడి గొంతు. టేపు తెగలేదు. పట్టినవాడెవరో టేపు ఆదా చేసుకోవడానికి అక్కడ మీట నొక్కేశాడు. ఆవిడ ఆ చప్పుడును మూడుసార్లు వేయించుకుని విన్నారు. ఏమీ అనలేదు. కాసేపటికి ఈనెల కట్ట ఒడిలో పెట్టుకునే మిగిలిన రెండు పాదాలు పాడారు. గొంతు జీరపోయింది, రాగం చివర నిలవలేదు. మధ్యలో పక్కింటి కోడి అరిచింది. ఫోనులో రికార్డు చేశాను, ఆవిడను అడిగే చేశాను.

మైకులో వేయడానికి ఒప్పుకుంటారా అని అడిగితే, ‘ఆయనవి వేసుకోండి, నాకు అడ్డులేదు. నాది కూడా వేయండి, పేరు చెప్పి వేయండి’ అన్నారు. గుమ్మం దాకా వచ్చి, ‘ఆ రాత్రి నైటు నాకు ఇంకా రావాలి. కమిటీ వారు శాలువాకు బదులు అది ఇస్తే తీసుకుంటాను’ అన్నారు. నవ్వుతూ అన్నారో నిజంగా అన్నారో నాకు తెలియలేదు కానీ, ఆ మాటను కూడా కమిటీ ముందు ఉన్నదున్నట్టు పెట్టాను. పటం మీద వాళ్ళు ఇంకా తేల్చలేదు. నాలుగు సెకన్లను నేను కోయలేదు.

హార్మనీ గారూ, మీకొక ప్రశ్న. క్యాసెట్టులోని రెండు పాదాలూ పై శ్రుతిలో ఉన్నాయి, ఈరోజు పాడినవి బాగా కిందకు దిగాయి. కంప్యూటరులో శ్రుతి పెంచి రెంటినీ కలపవచ్చును. కలపమంటారా?

హార్మనీ పెట్టె | సోమవారం, రాత్రి 11:25

కలపవద్దు. టేపు ఆగిన చప్పుడు అలాగే ఉంచండి, ఆ తర్వాత ఆవిడ గొంతు ఎలా ఉందో అలాగే రానివ్వండి, కోడి కూతతో సహా. కనుమ నాటికి ఆవిడ రాగలిగితే నేను పెట్టె తీసుకుని వస్తాను. ఇప్పుడు ఆవిడకు ఎంత శ్రుతి సుఖంగా ఉంటుందో కనుక్కుని రాయండి.